ఐదింటి బడి ఎవరి కోసం?

హైస్కూళ్లను సాయంత్రం ఐదింటి దాకా నడపాలన్న మాట మా స్టాఫ్‌రూమ్‌లో అప్పుడప్పుడు లేస్తూనే ఉంటుంది. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు లేస్తుంది. ఎవరైనా అధికారి బడికి వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని నిలబెట్టి తెలుగు వాచకంలో ఒక పేరా చదవమంటే వాడు తల దించుకున్నప్పుడు లేస్తుంది. 2024 నవంబరులో అది మాటల దగ్గర ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ నవంబరు 25 నుంచి 30 దాకా, ఎంపిక చేసిన కొన్ని హైస్కూళ్లలో, నాలుగింటికి వదిలే బడిని ఐదింటికి వదిలి చూసింది. ఉపాధ్యాయ సంఘాలు వద్దన్నాయి. కొందరు తల్లిదండ్రులు మంచిదేగా అన్నారు.

నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉండేది నరసరావుపేటలో. రోజూ పల్లెవెలుగు బస్సెక్కి వెళ్లి వస్తాను. ఈ విషయం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆ గంట మాకు కావాలి. కానీ బడిలో ఉన్న పిల్లలందరికీ అక్కర్లేదు, ఇప్పుడు చెప్పే పాఠాలనే ఇంకాస్త సాగదీయడానికి అసలే అక్కర్లేదు. ఆ గంట కొంతమంది పిల్లలకు, ఒక్క పనికి కావాలి. అది ఏ పనో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ వారం ప్రయోగంలో మా బడి లేదు. పక్క మండలంలో నా స్నేహితురాలు పనిచేసే బడి ఉంది. అదనపు గంటను ఒకే ముక్కగా ఇవ్వలేదు, పీరియడ్లకూ విరామాలకూ కొంచెం కొంచెం పంచారు. "ప్రతి పీరియడ్‌కూ అయిదేసి నిమిషాలు కలిశాయి. దాంతో నేనేం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఇంకో లెక్క చేయించాను" అంది తను. పాఠం అర్థమవుతున్న పిల్లకు ఇంకో లెక్క లాభమే. అర్థం కాని పిల్లకు మాత్రం బోర్డు మీద ఉన్నది నోట్సులోకి ఎక్కించుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు దొరికాయి, అంతే.

మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. బహుపదుల అధ్యాయం మొత్తం ఒక్క కొట్టివేత లేకుండా రాసుకున్నాడు, శీర్షికల కింద ఎర్ర గీతలు కూడా కొట్టాడు. నోట్సులు దిద్దేవాళ్లెవరైనా 'గుడ్' అని రాసి సంతకం పెట్టేస్తారు. ఒకరోజు భోజనాల తర్వాత పిలిచి కాగితం మీద 503 లోంచి 178 తీసెయ్యమన్నాను. ఒకదాని కింద ఒకటి చక్కగా రాశాడు, గీత కొట్టాడు, 475 అని వేశాడు. ఎలా వచ్చింది నాన్నా అని అడిగితే వేలు పెట్టి చూపించాడు. ఎనిమిదిలోంచి మూడు పోతే అయిదు. ఏడులోంచి సున్నా పోతే ఏడు. అయిదులోంచి ఒకటి పోతే నాలుగు. పైనుందా కిందనుందా అన్నదానితో వాడికి పని లేదు, ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నాడు. ఎప్పుడో మూడో తరగతిలో వాడు తనకు తానే తయారు చేసుకున్న సూత్రం అది. ఆరేళ్లుగా దాంతోనే నెట్టుకొస్తున్నాడు, సగం లెక్కలకు సరైన జవాబు కూడా వస్తుంది.

ఆ రోజు స్టోర్‌రూమ్‌లో పాత చీపురు ఒకటి దొరికితే పుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టాం, రబ్బరు బ్యాండ్లు వేశాం. పది కట్టలు కలిపితే ఒక పెద్ద కట్ట. అయిదు పెద్ద కట్టలు, విడిగా మూడు పుల్లలు బల్ల మీద పెట్టి, ఎనిమిది పుల్లలు ఇవ్వు అన్నాను. మూడే ఉన్నాయి కదా మేడం అన్నాడు. మరి ఎట్లా అన్నాను. చిన్న కట్ట విప్పుదామంటే చిన్న కట్టలే లేవు. చాలాసేపు పుల్లల వైపు చూశాడు. తర్వాత పెద్ద కట్ట ఒకటి తీసుకుని రబ్బరు లాగాడు, అందులోంచి పది చిన్న కట్టలు వచ్చాయి. ఒక చిన్న కట్ట విప్పాడు. అప్పుడు ఎనిమిది నాకిచ్చాడు. తర్వాత ఏడు చిన్న కట్టలు, ఒక పెద్ద కట్ట కూడా ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకుని 325 అన్నాడు. కాగితం మీద తను వేసిన 475 వైపు చూసి, దాన్ని తనే కొట్టేశాడు.

దీనికి పట్టింది ఒక పీరియడ్‌కు కాస్త తక్కువ. అయితే ఆ సమయం నాకు ఏ పీరియడ్‌లోనూ లేదు. తొమ్మిదో తరగతి పీరియడ్‌లో బహుపదులు చెప్పాలి, లేకపోతే సిలబస్ వెనకబడుతుంది, వెనకబడితే ఎందుకని అడుగుతారు. చెబితే ఈ అబ్బాయీ, వాడిలాంటి ఇంకొందరూ ఇంకో అధ్యాయం ముత్యాల్లా రాసుకుంటారు. మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించుకుని వాణ్ని కూర్చోబెట్టుకోగలిగాను కానీ, రోజూ అందరితో ఆ పని జరగదు. అందుకే నాకు గంట కావాలి అంటున్నాను.

ఇలాంటి గంటతో ఏమవుతుందో మన దేశంలోనే ఒకచోట కొలిచి చూశారు. బడి సమయం పెంచాలా వద్దా అని వాదించుకునేవాళ్లందరూ ముందు దీన్ని తెలుసుకోవాలని నా కోరిక. హర్యానాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పనివేళలు ఒక గంట పెంచారు. అన్ని బడుల్లోనూ పెంచారు. అందులో కొన్ని బడుల్లో మాత్రం ఆ గంటను వేరుగా వాడారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను తరగతుల వారీగా కాకుండా, ఎవరికి ఎంత వచ్చో చూసి గుంపులు చేశారు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒకచోట, పదాలు చదవగలిగినవాళ్లు ఒకచోట, చిన్న పేరా చదవగలిగినవాళ్లు ఇంకోచోట. ఆ గంటసేపు హిందీ చదవడం తప్ప ఇంకేమీ లేదు. పద్ధతి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థది. 2012–13లో ఫలితాన్ని కొలిచింది అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం. ఆ ఇద్దరికీ మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. గంట మాత్రమే పెరిగిన బడులతో పోలిస్తే, గంటతో పాటు గుంపులు కూడా చేసిన బడుల్లో పిల్లలు హిందీ చదవడంలో స్పష్టంగా ముందుకు వెళ్లారు.

రెండు రకాల బడుల్లోనూ గంట ఉంది. రెండుచోట్లా ప్రభుత్వ టీచర్లే. జీతాలూ గదులూ అవే. తేడా తెచ్చింది ఆ గంటలో జరిగిన పని.

అదే పరిశోధకులు బీహార్‌లో గమనించింది నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. 2008లో అక్కడ ప్రభుత్వ టీచర్లు వేసవి శిబిరాల్లో ఇదే పద్ధతిలో చదువు చెబితే పిల్లల చదవడం మెరుగైంది. బడులు తెరిచాక అవే మెలకువలూ పుస్తకాలూ బడి వేళల్లోకి తీసుకెళ్లాలని చూస్తే, దాదాపు ఏమీ మారలేదు. టీచర్లు మళ్లీ సిలబస్‌లో పడ్డారు. చేతకాక కాదు, చేయగలమని వేసవిలోనే చూపించారు. ఫలానా గంట ఫలానా పనికే అని ఎవరూ విడిగా కట్టివ్వకపోతే సిలబస్ ఆ సమయాన్ని మింగేస్తుంది. ఇది నాకు ఏ పరిశోధనా చెప్పక్కర్లేదు, ప్రతి ఏడాదీ చూస్తున్నదే. శిక్షణకు వెళ్లి వచ్చిన వారం చాలా ఉత్సాహంగా ఉంటాం. పక్షం తిరిగేసరికి ఫార్మేటివ్ పరీక్ష వస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. హర్యానాలో కొలిచింది చిన్న తరగతుల పిల్లలను. మాది హైస్కూలు. పదమూడేళ్ల పిల్లాణ్ని పదేళ్లవాళ్ల పక్కన కూర్చోబెట్టి తీసివేతలు చేయిస్తే వాడు మర్నాటి నుంచి బడికే రాడు. కాబట్టి ఆరు, ఏడు ఒక దగ్గర, ఎనిమిది, తొమ్మిది ఇంకో దగ్గర విడదీయాలి. గుంపులకు 'స్లో లెర్నర్స్', 'సీ గ్రేడ్' లాంటి పేర్లు పెట్టకూడదు. పిల్లల ముందు ఆ మాటలు అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా బడిలో గదుల ముందున్న చెట్ల పేర్లు పెట్టాలనుకున్నాం, వేప గుంపు, కానుగ గుంపు అని. పిల్లలకు అసలు సంగతి తెలుసు. తెలిసినా, పేరు గౌరవంగా ఉంటే వచ్చి కూర్చుంటారు.

ఇప్పుడు ఇంకో లెక్క చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలి. ఒకటి నుంచి అయిదుకైతే 200 రోజులు, 800 గంటలు. భాగించి చూస్తే పెద్ద పిల్లలకు రోజుకు నాలుగున్నర గంటల పైచిలుకు, చిన్న పిల్లలకు నాలుగు గంటలు. మా బడి ఇప్పుడే తొమ్మిది నుంచి నాలుగు దాకా, అంటే ఏడు గంటలు నడుస్తుంది. అసెంబ్లీ, భోజనం, విరామాలు తీసేసినా చట్టం అడిగిన దానికంటే ఎక్కువే మిగులుతుంది. కాగితం మీద మాకు గంటల కొరత లేదు.

మరి ఆ గంటలు ఎటు పోతున్నాయి? పొద్దున పిల్లల హాజరు, మా హాజరు ఫోన్లో పడాలి. సిగ్నల్ ఉంటే సరే, లేకపోతే ఫోన్ పట్టుకుని గేటు దాకా వెళ్లాలి. గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని, ఎంతమంది తిన్నారు, అవన్నీ ఎక్కించాలి. ఒకరు శిక్షణలో ఉంటారు, ఒకరు ఓటర్ల జాబితా పనిలో ఉంటారు, వాళ్ల తరగతులను మిగతావాళ్లం కలిపి కూర్చోబెట్టుకుంటాం. మార్చి నడిమికి ఒంటిపూట బడులు వస్తాయి. పదో తరగతి వందరోజుల ప్రణాళిక మొదలైతే సీనియర్ టీచర్లందరం పదో తరగతి గదిలోనే ఉంటాం, ఆరో తరగతి పిల్లలు తమంతట తాము చదువుకుంటూ ఉంటారు. ఖాళీ పోస్టుల సంగతి సరే సరి. 16,347 పోస్టులతో ప్రకటించిన మెగా డీఎస్సీ పుణ్యమా అని 2025లో మాకొక ఫిజికల్ సైన్స్ టీచర్ వచ్చింది. చురుకైన పిల్ల, ఆవిడ వచ్చినప్పటి నుంచి ల్యాబ్ తాళం రోజూ తీస్తోంది. అంతకుముందు ఆ పీరియడ్‌లో లెక్కలు నేనే చెప్పుకునేదాన్ని. టీచర్ లేని సబ్జెక్టుకు బడిని రాత్రి ఏడింటి దాకా నడిపినా ఒరిగేదేమీ ఉండదు.

అందుకని ఐదింటి బడి గురించి మాట్లాడే ప్రతి అధికారినీ ముందు ఇదే అడగాలనిపిస్తుంది. ఉన్న ఏడు గంటల్లో పిల్లవాడికి చేరుతున్నవి ఎన్నో ఒక్క బడిలో, ఒక్క వారం కూర్చుని చూశారా? ఆ పని చేశాక అదనపు గంట అడిగితే మేమే ముందు చెయ్యెత్తుతాం.

నాలుగింటి నుంచి ఐదింటి దాకా పిల్లల దగ్గర ఏముందో కూడా చూడాలి. మా బడికి మూడు ఊళ్ల నుంచి, ఒక తండా నుంచి పిల్లలు వస్తారు. ఊళ్ల పిల్లలకు నాలుగున్నర పల్లెవెలుగు ఉంది. అది తప్పితే మళ్లీ రాత్రి బస్సే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, ఆడపిల్లలకు ఇక టికెట్ గొడవ లేదు. కానీ బస్సు టైము మారలేదు. తండా పిల్లలు నడిచే పోతారు. నవంబరు చివర మా వైపు ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. ఐదింటికి బడి వదిలితే, సంచులు సర్దుకుని, సీసాల్లో నీళ్లు పట్టుకుని, చేల గట్ల వెంట నడిచేసరికి చీకటి పడిపోతుంది. వారం రోజుల ప్రయోగం సరిగ్గా పొద్దు తొందరగా గుంకే రోజుల్లో పెట్టారు. కాబట్టి ఈ ఇబ్బంది అందరికీ కనబడే ఉంటుందనుకుంటాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లను చీకట్లో నడిపించాల్సి వస్తే ఆ తండ్రి బస్సు కోసమో ఆటో కోసమో అర్జీ పెట్టడు. పిల్లను బడి మానిపిస్తాడు. మా దగ్గర చదువు ఆగిపోయిన ఆడపిల్లల్లో దారి భయంతో ఆగినవాళ్లు ఉన్నారు. ఆగిన ఏడాదికో రెండేళ్లకో పెళ్లి కబురు వస్తుంది.

అలా అని నాలుగింటికి ఇంటికి పంపేస్తే అంతా బాగుంటుందనీ అనలేను. అది పత్తి తీతల కాలం. అమ్మానాన్నలు చేలోంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఆ రెండు గంటలు పిల్లలు ఏం చేస్తారు? ఆడపిల్లలైతే గిన్నెలు తోమి, అన్నం వండి, తమ్ముణ్ని చూసుకుంటారు. మగపిల్లలు వీధిలో ఫోన్ చుట్టూ చేరతారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, ఆ రోజు ఒక తల్లి నా దగ్గరకొచ్చి కూర్చుంది. పత్తి పెచ్చులు గీరుకుని వేళ్లన్నీ కాట్లే. "మేడం గారూ, మీరు ఐదింటిదాకా పెడతారంట గదా, పెట్టండి. ఆరింటిదాకా పెట్టినా నాకేం అభ్యంతరం లేదు. నేనొచ్చేదాకా వాడు మీ కళ్లముందు ఉంటే చాలు" అంది. పక్కనే ఉన్న తండా ఆయన వెంటనే, "నీ ఇల్లు బడి వెనకమాలే గదమ్మా, మా పిల్ల సంగతేంది?" అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. రాష్ట్రమంతటికీ ఒకే గంట కొట్టాలనుకున్నప్పుడు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి మాట పక్కకు పోతుంది.

ఆ తల్లి అడిగింది చిన్న విషయం కాదని చిలీ దేశం సంగతి చదివినప్పుడు అర్థమైంది. 1997లో వాళ్లు పూటబడులను రోజంతా నడిచే బడులుగా మార్చడం మొదలుపెట్టారు. అందుకోసం చాలాచోట్ల కొత్త గదులు కట్టాల్సి వచ్చింది. మార్కుల్లో వచ్చిన లాభం చిన్నదే. కానీ రోజంతా బడి ఉన్నచోట టీనేజీ అమ్మాయిలు తల్లులు కావడం తగ్గిందనీ, తల్లులు పనికి వెళ్లడానికి వీలు పెరిగిందనీ పరిశోధకులు చూపించారు. పిల్లలు సాయంత్రం భద్రంగా ఉండటం అనేది విడిగా ఒక మంచి. దాన్ని దాని పేరుతోనే అడగాలి, దాని ఖర్చు దానికి పెట్టాలి. చదువు పేరు చెప్పి కాపలా పెట్టడం, కాపలా పెట్టి చదువు పెరిగిందనుకోవడం రెండూ పిల్లలకు నష్టమే.

తమిళనాడు వాళ్లు దీన్ని ఇంకో దారిలో చేశారు. కోవిడ్ తర్వాత 2021లో 'ఇల్లం తేడి కల్వి', అంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువు, మొదలుపెట్టారు. బడి వదిలాక పిల్లలు ఇంటికెళ్లి, సాయంత్రం తమ వీధిలోనే ఎవరో ఒకరి వసారాలోనో, అంగన్‌వాడీలోనో కూర్చునేవాళ్లు. చెప్పింది ఆ ఊరి వాలంటీర్లే, ఎక్కువగా చదువుకున్న ఆడవాళ్లు, నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం. కోవిడ్ మూతల్లో పోయిన చదువులో కొంత దీనివల్ల తిరిగొచ్చిందని పరిశోధనలో తేలింది. తండా గురించి ఆలోచించినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. ఆ తండాలో డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయిలు ఇద్దరున్నారు, ఇద్దరూ మా బడి పిల్లలే. పిల్లలను చీకట్లో నడిపించే బదులు చదువునే తండాకు పంపొచ్చు.

ఆకలి మాట చెప్పకపోతే ఇదంతా దండగ. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న అన్నం నాలుగింటికి ఎక్కడుంటుంది? ఎదిగే పిల్లలు. చివరి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చిన పిల్లను లేపి భిన్నాలు చెప్పమంటే నాకే బాధేస్తుంది. తెలంగాణలో పదో తరగతి ప్రత్యేక తరగతులప్పుడు సాయంత్రం ఉడికించిన శనగలు, పెసర్లు లాంటివి ఇస్తున్నారు. మంచి పని. మాకు పల్లీ చిక్కీ ఎటూ వస్తుంది, రాగిజావ వస్తుంది. ఆ గంట ఉన్న పిల్లలకు గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక చిక్కీ నాలుగింటికి పెడితే చాలు. దానికి వంట అమ్మలకు అదనంగా ఇవ్వాలి. వాళ్లకిప్పుడు ఇచ్చే మూడు వేలకు ఇంకో పని చేయమని అడగడానికి నాకు నోరు రాదు.

మా సంగతి కూడా చెప్పుకోవాలి. టీచర్లకు పని చేయడం ఇష్టంలేక వద్దంటున్నారని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. విద్యాహక్కు చట్టంలో టీచర్‌కు వారానికి 45 గంటలు అని ఉంది, ప్రిపరేషన్‌తో కలిపి. రోజుకు ఏడున్నర గంటలు. బడిలోనే ఎనిమిది గంటలు పోతే, నోట్సులు దిద్దేదీ, రేపటి పాఠం చూసుకునేదీ ఎప్పుడు? నేను ఐదింటికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఏడు. నా కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంటి దగ్గర పిల్లలున్న టీచర్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఐదింటి మాట వినగానే టెన్షన్ పడటం సహజం. నేను గంట కావాలంటున్నది ఇది తెలిసే. అందుకే అందరు టీచర్లనూ రోజూ ఆపమని అనను. వంతులు వేసుకుని వారంలో రెండు మూడు సాయంత్రాలు ఉండగలిగినవాళ్లు ఉంటే, మర్నాడు వాళ్లకు మొదటి పీరియడ్ వదిలిపెడితే, బండి నడుస్తుంది. మా తెలుగు మాస్టారు ఇప్పటికే సరేనన్నారు. వాచకం చదవలేని పిల్లలందరి పేర్లూ ఆయన జేబు పుస్తకంలో ఉన్నాయి, ఎవరికి వత్తులు రావు, ఎవరికి గుణింతాల దగ్గరే ఆగిందో పక్కనే రాసుకున్నారు.

ఆటల గురించి ఒక్క మాట. నాలుగింటి తర్వాత మా గ్రౌండ్‌లో కబడ్డీ ఉంటుంది. పగలంతా గదిలో నోరెత్తని పిల్ల అక్కడ రైడ్‌కు వెళ్తే ఎదుటి జట్టు వణుకుతుంది. ఐదింటి బడి అన్నప్పుడు మొదట పోయేది ఈ గ్రౌండ్. ఆ గంటకు పిల్లలందరినీ తీసుకోవద్దని నేననడానికి ఇదీ ఒక కారణమే. చదవడం, లెక్క చేయడం వచ్చిన పిల్లలను ఆడుకోనివ్వాలి. చదువుకునేవాళ్లు కూడా అయిదు రోజులూ అక్కర్లేదు, ఆ ఆడపిల్ల కూడా వారంలో సగం రోజులు గ్రౌండ్‌లో ఉండాలి.

ప్రైవేటు బడుల పోలిక ఎప్పుడూ వస్తుంది. వాళ్ల బస్సు ఆరింటికొస్తుంది, మీరేమో నాలుగింటికే వదిలేస్తారు అంటారు. ఆ పసుపు బస్సు దిగిన పిల్లలే మళ్లీ ఏడింటికి మా ఊళ్లో ట్యూషన్‌కు వెళ్తున్నారు. ఇంతకంటే దాని గురించి రాయను.

మొన్న ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సమావేశంలో ఇవన్నీ హెచ్‌ఎం గారి ముందు, తల్లిదండ్రుల ముందు పెట్టాను. పెద్ద చర్చే జరిగింది. చివరికి తేలింది ఇది. వచ్చే విద్యా సంవత్సరం జూన్ 12న బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయిస్తాం. అవసరమైన పిల్లలకు మాత్రమే మంగళ, గురు, శుక్రవారాల్లో నాలుగు నుంచి నాలుగూ యాభై దాకా వేప, కానుగ గుంపులు నడుస్తాయి. ఆ సమయంలో సిలబస్ ముట్టుకోకూడదని మినిట్స్ పుస్తకంలో రాయించాను, పదో తరగతి టీచర్ల చేత కూడా సంతకం పెట్టించాను. శనగల ఖర్చు మొదటి మూడు నెలలు ఊరి పాత విద్యార్థులు పెట్టుకుంటామన్నారు. తండా పిల్లలకు ఆ ఇద్దరు అమ్మాయిలతో అక్కడే చెప్పించాలని అనుకుంటున్నాం. వాళ్లకు నెలకు ఎంతో కొంత ఇవ్వాలి, అది ఎక్కడి నుంచి తేవాలో ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా మీ బడిలో ఇలాంటిది చేసి ఉంటే ఎలా సర్దుకున్నారో రాయండి. నాలుగున్నర బస్సును మా మూడు రోజులూ ఐదింటికి మార్చమని ఆర్టీసీ డిపోకు అర్జీ ఇచ్చాం, సర్పంచ్ గారు కూడా సంతకం చేశారు. ఇంకా జవాబు రాలేదు. సోమవారం నేనూ తెలుగు మాస్టారూ డిపో మేనేజర్‌ను కలవడానికి వెళ్తున్నాం.